గోడలోపలి గోడ

వించెస్టర్ కెథడ్రల్ మధ్య నడవలో స్తంభాలు ఉండవలసినదానికన్నా లావుగా ఉంటాయి. చూడవచ్చినవాళ్ళలో చాలామందికి ఇది పట్టదు. లోపల అడుగు పెట్టగానే వాళ్ళ తలలు పైకి లేస్తాయి. అక్కడ రాతి ఈనెలు ఒకదాన్నొకటి అల్లుకుంటూ పోయిన కప్పు ఉంది, దానికింద నిలువెత్తు కిటికీలున్నాయి. ఫోన్లు కూడా పైకే లేస్తాయి. నేను రోడ్లు భవనాల శాఖలో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. ఏ కట్టడంలోకి వెళ్ళినా బరువు ఎక్కడినుంచి బయల్దేరి ఎక్కడ నేలకు దిగుతోందో చూసుకున్నాకే తక్కినవి చూస్తాను. ఈ నడవని ఈ రూపానికి తెచ్చే పని 1394లో మొదలైంది. అప్పటికి గోథిక్ పద్ధతి పుట్టి రెండు వందల ఏళ్ళు దాటింది. సన్నటి స్తంభం మీద ఎంత ఎత్తయినా లేపగల మేస్త్రీలు తయారయ్యారు. అలాంటి రోజుల్లో చేయి తిరిగిన మేస్త్రీ ఇంత రాయి ఎందుకు దండగ చేస్తాడు?

చేయలేదు. ఆ లావు అతనికి అంతకుముందే కట్టినవాళ్ళ దగ్గర్నుంచి వచ్చింది.

మా అబ్బాయి ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో ఉంటాడు. అక్కడినుంచి వించెస్టర్ రైల్లో దగ్గరే. ఒకప్పుడు వెస్సెక్స్ రాజుల రాజధాని, ఇప్పుడు ఇచెన్ నది ఒడ్డున చిన్న ఊరు. కెథడ్రల్ పొడవు దగ్గర దగ్గర 170 మీటర్లు. ఐరోపాలో మధ్యయుగం నాటి చర్చిల్లో ఇంత పొడవైనది లేదంటారు. గైడు పుస్తకాల్లో దీన్ని రోమనెస్క్, గోథిక్ శైలుల చక్కని సమ్మేళనం అని రాస్తారు. సమ్మేళనం అంటే ఎవరో కూర్చుని రెండూ కలుపుదామని అనుకున్నట్టు వినిపిస్తుంది. ఇక్కడ అలా ఎవరూ అనుకోలేదు. ప్రతి తరమూ చేతనైనంత మేరకు పాతదాన్ని మార్చింది, డబ్బు అయిపోయినచోట ఆపేసింది.

రెండు పద్ధతులకీ తేడా మేస్త్రీ భాషలో చెబితే తేలిక. రోమనెస్క్‌ది గుండ్రటి ఆర్చి. సగం వృత్తం కాబట్టి వెడల్పు ఎంతో తేలగానే ఎత్తు కూడా తేలిపోతుంది, మన ఇష్టం ఏమీ ఉండదు. పైగా అది కాళ్ళ దగ్గర గోడని బయటికి గట్టిగా తోస్తుంది. ఆ తోపుడుకి తట్టుకోవాలంటే గోడ మందంగా ఉండాలి, మందపు గోడలో పెద్ద కిటికీ పెట్టలేం, అంచేత లోపల చీకటి. గోథిక్ ఆర్చికి మొన ఉంటుంది. మెదక్ చర్చి చూసినవాళ్ళకి ఈ మొన కొత్తేం కాదు. 1924లో ప్రారంభమైన ఆ చర్చి కిటికీలు ఈ తరహావే. మొన ఉంటే వెడల్పు అంతే ఉంచి ఎత్తు ఎంతైనా పెంచుకోవచ్చు, బరువు కూడా మరింత నిటారుగా దిగుతుంది. కప్పు బరువుని ఈనెల మీదుగా కొన్ని చోట్లకే దించి, ఆ చోట్ల బయటినుంచి ఆసరాగా బట్రెస్ కడితే మధ్యలో గోడతో పెద్దగా పని ఉండదు. అక్కడ గాజు పెట్టుకోవచ్చు.

ఇంగ్లండులో రోమనెస్క్‌ని నార్మన్ అంటారు, తెచ్చింది వాళ్ళు కాబట్టి. 1066లో ఫ్రాన్సు వైపునుంచి వచ్చి దేశాన్ని గెలిచిన విలియం, నాలుగేళ్ళకి వించెస్టర్ బిషప్‌గా వాల్కెలిన్ అనే తన మనిషిని కూర్చోబెట్టాడు. ఊళ్ళో అప్పటికే, నార్మన్లకి ముందు దేశాన్ని ఏలిన సాక్సన్ల చర్చి ఒకటి ఉంది, నాలుగు వందల ఏళ్ళనాటిది. వాల్కెలిన్ దాని పక్కనే 1079లో కొత్తదానికి పునాది తీయించాడు. రాయి ఐల్ ఆఫ్ వైట్ దీవినుంచి పడవల మీద వచ్చింది. కలప గురించి ఒక కథ ఉంది. హెంపేజ్ అడవిలో కొద్దిరోజుల్లో ఎంత కొట్టుకోగలిగితే అంత కొట్టుకోమని రాజు అనుమతి ఇచ్చాడట. బిషప్ దొరికిన వడ్రంగినల్లా పోగేసి అడవి మొత్తం నరికించేశాడట. రాజు వచ్చి, ఇక్కడ నాకొక అడవి ఉండాలే అని లబోదిబోమన్నాడట. కథలో నిజం ఎంతైనా కాంట్రాక్టులో గడువు రాసి పరిమాణం రాయకపోతే ఏమవుతుందో మా శాఖలో అందరికీ తెలుసు.

1093లో సన్యాసులు పాత చర్చి వదిలి కొత్తదాంట్లోకి మారారు. ఆ ఏడు జులైలో, ఒకప్పుడు ఇక్కడి బిషప్ అయిన సెయింట్ స్విథన్ అస్థికల్ని తరలించారు, వెంటనే పాతదాన్ని కూలగొట్టడం మొదలుపెట్టారు. 1960లలో తవ్వకాలు జరిపాక, ఆ సాక్సన్ చర్చి గోడలు ఎక్కడెక్కడ ఉండేవో ఉత్తరం వైపు పచ్చికలో ఇటుకలు పరిచి గుర్తు పెట్టారు. పిల్లలు వాటిమీద గెంతుతుంటారు.

వాల్కెలిన్ కట్టినదాంట్లో ఈనాటికీ పెద్దగా మారకుండా మిగిలినవి భూగర్భపు గదులు, సిలువ ఆకారానికి రెండు చేతుల్లాంటి అడ్డభుజాలు. ఉత్తరపు భుజంలో నిలబడండి. కింద గుండ్రటి ఆర్చీల వరస, దానిమీద ఇంచుమించు అంతే ఎత్తున మేడ ఆర్చీల వరస, ఆపైన కిటికీల వరస. మొత్తం మూడంతస్తులు. ఎక్కడా పువ్వు లేదు, తీగ లేదు. ఆక్రమించుకున్న దేశంలో కట్టిన కట్టడం అని రాయి చూస్తేనే తెలుస్తుంది. అందమా అంటే నేను చెప్పలేను. నాకు నచ్చుతుంది.

ఈ భుజాల్లో అందరూ చూడవలసినది ఒకటుంది, దానికి బోర్డు అక్కర్లేదు. రాయికీ రాయికీ మధ్య సున్నం కీలు చూడండి. కొన్నిచోట్ల అది లావుగా ఉంటుంది, వేలు పట్టేంత. భుజాలూ నడవా కలిసే కూడలికి దగ్గరగా వచ్చేసరికి సన్నబడి గీతలా అవుతుంది. రెండూ గుండ్రటి ఆర్చీలే, రెండూ నార్మన్ పనే. మధ్యలో ఒక ప్రమాదం జరిగింది. 1100 ఆగస్టులో విలియం రూఫస్ అనే రాజు న్యూ ఫారెస్ట్‌లో వేటకి వెళ్ళి బాణం తగిలి చనిపోయాడు. శవాన్ని తెచ్చి ఈ చర్చి కూడలిలో, గోపురం కింద పాతిపెట్టారు. 1107లో ఆ గోపురం కూలిపోయింది. దుర్మార్గుడైన రాజుని పవిత్ర స్థలంలో పెట్టారు కాబట్టే కూలిందని జనం చెప్పుకున్నారు. ఆ కాలంలోనే చరిత్ర రాసిన మామ్స్‌బరీ విలియం అనే సన్యాసి మాత్రం, పని నాసిగా ఉంది కనక ఆ రాజు అక్కడ లేకపోయినా కూలి ఉండేదేమోనని ఒక ముక్క చేర్చాడు. తొమ్మిది వందల ఏళ్ళ కిందటి ఆ సన్యాసికి నా నమస్కారం.

తిరిగి కట్టినవాళ్ళు భయపడ్డారని ఆ స్తంభాలే చెబుతాయి. కూడలిలో నాలుగు స్తంభాలు ఎంత లావుగా పెట్టారంటే చూపే అడ్డుపడుతుంది. గోపురాన్ని పొట్టిగానే ఆపేశారు. పని నాణ్యత పెరిగింది, కీళ్ళు సన్నబడ్డాయి. ఒక్క తరంలోనే రాళ్ళు చెక్కడం ఎంత మెరుగైందో ఈ గోడ చూపించినంత బాగా ఇంకేదీ చూపించదు. ఆ తేడాని పట్టుకుని, ఏది ముందో ఏది తరవాతో వివరంగా రాసినవాడు రాబర్ట్ విల్లిస్. కేంబ్రిడ్జిలో యంత్రశాస్త్రం చెప్పే ప్రొఫెసరు. 1845లో వించెస్టర్‌లో జరిగిన పురావస్తు సంఘం సమావేశంలో ఈ కట్టడం చరిత్రని ఆయన రాయి రాయిగా విప్పి చెప్పాడు. నేను ఈ వ్యాసంలో స్తంభాల గురించి చెప్పేది చాలామటుకు ఆయన కనిపెట్టిందే.

మొనదేలిన ఆర్చి ఇక్కడికి తూర్పు కొసన వచ్చింది. గాడ్‌ఫ్రీ డి లూసీ బిషప్‌గా ఉండగా, స్విథన్ సమాధికి వచ్చే యాత్రికులకి చోటు చాలక తూర్పుకి పొడిగించాలనుకున్నారు. 1202లో దీనికోసం చందాలు పోగుచేసే సంఘం ఒకటి పెట్టారు. సన్నటి పొడుగాటి కిటికీలు, నున్నటి నల్లరాతి కాడలు, తేలికపాటి కప్పు. నార్మన్ గుహలోంచి నడిచి ఇక్కడికి వస్తే ఊపిరి ఆడినట్టు ఉంటుంది. పైన తెలివిగా కట్టినవాళ్ళు కింద ఇబ్బందిలో పడ్డారు. తూర్పు వైపు నేల చిత్తడి. గట్టి నేల దొరకక బీచ్ చెట్ల దుంగలు అడ్డంగా పరిచి వాటిమీద గోడ లేపారు. దుంగలు నీళ్ళలో ఉన్నంతకాలం కుళ్ళవు. వాటికింద ఉన్న మెత్తటి మట్టి మాత్రం అణుగుతూనే ఉంటుంది. ఆ సంగతి తరవాత.

అసలు కథ నడవది.

విలియం ఎడింగ్టన్ బిషప్ అయిన రెండు మూడేళ్ళకే, 1348లో ప్లేగు వచ్చింది. మనుషులు పోయారు, మేస్త్రీలూ పోయారు. అయినా ఆయన పడమటి ముఖం పడగొట్టించి కొత్తది మొదలుపెట్టాడు. నార్మన్ల నడవ ఇప్పటికన్నా ఇంకా పడమరకి సాగి ఉండేది, దాన్ని కుదించాడు. తరవాత వచ్చిన విలియం ఆఫ్ వికెమ్ మామూలు ఇంట్లో పుట్టినవాడు. రాజుగారి విండ్సర్ కోట పనులు దగ్గరుండి చేయించి పైకొచ్చాడు, రెండుసార్లు దేశానికి ఛాన్సలర్ అయ్యాడు. ఆక్స్‌ఫర్డ్‌లో న్యూ కాలేజీ, ఈ ఊళ్ళో వించెస్టర్ కాలేజీ ఆయన పెట్టినవే. సైటు మీద నిలబడి పని చేయించిన బిషప్ అన్నమాట. నడవ పని ఎత్తుకునేసరికి ఆయనకి డెబ్భై ఏళ్ళు. మేస్త్రీ విలియం విన్‌ఫర్డ్ కూడా అప్పటికి పాతకాపే. వించెస్టర్ కాలేజీ ప్రార్థనామందిరంలో తూర్పు కిటికీ గాజు మీద విన్‌ఫర్డ్ బొమ్మ ఉంది. ఆ కాలపు మేస్త్రీకి బొమ్మ దక్కడం అరుదు.

బిషప్‌కీ, ఈ చర్చి సన్యాసుల మఠానికీ మధ్య కుదిరిన ఒప్పందం షరతులు మిగిలాయి. పని ఖర్చు బిషప్‌ది. పరంజా మొత్తం మఠం ఇవ్వాలి. మఠం భూముల్లో సుద్దరాయీ ఇసకా ఎక్కడ కావాలంటే అక్కడ తవ్వుకోవచ్చు. పాత కట్టడంలోంచి వచ్చే సామాను కొత్తపనికి వాడుకోవచ్చు. కళాచరిత్రకారులు ఈ ఆఖరి షరతు మీద ఆగరు. నేను ఆగుతాను, ఎందుకంటే నడవ అందమంతా అందులోనే ఉంది. నార్మన్ నడవని నేలమట్టం చేసి మళ్ళీ కట్టే డబ్బు గానీ, ఆయుష్షు గానీ వికెమ్‌కి లేవు. గోడలు నిలబడే ఉన్నాయి. వాటిని అలాగే నిలబెట్టి, రూపం మార్చమన్నాడు.

విన్‌ఫర్డ్ చేసింది అమ్మ పట్టుచీర కత్తిరించి కూతురికి పరికిణీ కుట్టించడం లాంటిదే. నార్మన్ స్తంభం పైకి చెక్కుడు రాయి, లోపల సున్నంతో కలిపి పోసిన రాళ్ళముక్కలు. పైరాయిని ఇష్టం వచ్చినట్టు తీస్తే లోపలిది జారిపోతుంది. దక్షిణం వైపు కొన్ని స్తంభాలకి ఆయన మనుషులు రాళ్ళని కదపనే లేదు. ఉన్న రాయిని ఉన్నచోటనే లోపలికి చెక్కుకుంటూ పోయి, గుండ్రటి లావు కాడల్ని సన్నటి నిలువు గీతలుగా మార్చారు. అలా చెక్కిన రాళ్ళ కీళ్ళు నార్మన్ల కీళ్ళే. తక్కినచోట్ల పైపొర ఊడదీసి కొత్తరాయి తొడిగారు. పక్కపక్కనే ఉన్న స్తంభాలు ఒకలా కనిపిస్తూనే రెండు రకాలు. తొడుగు తొడిగితే లావు తగ్గదు కదా.

ఆర్చీల సంగతి ఇంకా గమ్మత్తు. అడ్డభుజంలో చూసిన మూడంతస్తులే నడవలోనూ ఉండేవి. విన్‌ఫర్డ్ కింది గుండ్రటి ఆర్చిని తీసేశాడు. దానిమీది మేడ ఆర్చిని తీయలేదు. పైగోడ బరువంతా అది మోస్తుంటే, దానికింద ఖాళీ అయిన చోట పొడుగాటి మొన ఆర్చిని నిలబెట్టాడు. రెండంతస్తుల ఎత్తుని ఒకే ఆర్చి మింగేసింది. మూడు వరసలు రెండయ్యాయి. నడవలోంచి చూస్తే ఆ పాత మేడ ఆర్చి కనపడదు. పక్క నడవల కప్పు మీదకి ఎక్కితే గోడ వెనకవైపున కనిపిస్తుంది. రాతి కప్పుకీ పైకప్పుకీ మధ్య ఉన్న చీకటి అటకలోనూ నార్మన్ కాడలు గోడని పట్టుకుని ఇంకా పైకి పోతుంటాయి. అవి మోయడానికి అక్కడ ఏమీ లేదు.

మామూలు గోథిక్ చర్చిల్లో అంత బరువు రాతికప్పు వేస్తే గోడ బయటికి పడకుండా పెద్ద పెద్ద బట్రెస్‌లు ఎగిరొచ్చి పట్టుకోవాలి. ఇక్కడ వాటి అవసరం పెద్దగా పడలేదు. నార్మన్ల గోడ మందమే ఆ తోపుడుని మింగింది. లోపల కనిపించేది గోథిక్, దాన్ని నిలబెడుతున్నది రోమనెస్క్. చీకటి పడుతుందని ఏ మందాన్నయితే గోథిక్ మేస్త్రీలు వదిలించుకోవాలనుకున్నారో, వాళ్ళ కప్పుని మోసింది అదే.

వికెమ్ 1404లో పోయాడు. నడవ పూర్తి చేయడానికి వీలునామాలో 2,500 మార్కుల డబ్బు రాశాడు, పని విన్‌ఫర్డ్ చేతిలోనే ఉండాలన్నాడు. ఆ మేస్త్రీ కూడా కొద్దికాలానికే పోయాడు. తరవాతి బిషప్‌లు కప్పు పూర్తిచేశారు. అడ్డభుజాల దాకా ఎవరి డబ్బూ చేరలేదు. అక్కడ నార్మన్ పని యథాతథంగా మిగిలింది అందుకే. ఎవరో రక్షించారని కాదు. 1500 తరవాత బిషప్ ఫాక్స్ తూర్పు భాగపు గోడలు ఎత్తించి కప్పు వేయించినప్పుడు రాయి మానేసి, రాతికప్పులా కనిపించేట్టు చెక్కతో చేయించి రంగు వేయించాడు. కింద నేల ఎలాంటిదో వాళ్ళకి తెలిసే ఉంటుందని నా ఊహ.

ఆ నేల 1905 నాటికి లెక్క అడిగింది. డి లూసీ కట్టిన తూర్పు కొస గోడలు బయటికి వాలాయి, పగుళ్ళు పారాయి. ఫ్రాన్సిస్ ఫాక్స్ అనే ఇంజనీరు, టి.జి. జాక్సన్ అనే ఆర్కిటెక్టు కలిసి గుంటలు తవ్వి చూశారు. దుంగల కింద బంకమట్టి, దానికింద కుళ్ళిన మొక్కల నల్లటి పీట్, ఆ తరవాత గట్టి గులకరాళ్ళ పొర. పీట్ తీసేసి గులకరాళ్ళ మీదినుంచి పునాది కట్టుకురావాలి. గుంట తవ్వితే నీళ్ళు ఉబికి వస్తాయి. పంపు పెట్టి తోడితే నీళ్ళతో పాటు గోడకింది మట్టీ వచ్చేస్తుంది, గోడ కూర్చుండిపోతుంది. అందుకని నీళ్ళు తోడకుండానే పని చేయాలని, ఓడరేవుల్లో పనిచేసే విలియం వాకర్ అనే గజఈతగాణ్ణి పిలిచారు. 1906 నుంచి 1911 దాకా ఆయన బరువైన డైవింగు సూటు వేసుకుని ఆ గుంటల్లోకి దిగాడు. నీళ్ళు మట్టి కలిసి ఎంత నల్లగా ఉండేవంటే దీపం పనికిరాలేదు, అంతా చేతి తడుముడే. పీట్ తవ్వి తీసి, కాంక్రీటు బస్తాలు అడుగున పరిచి, వాటిని కోసి గడ్డకట్టనిచ్చేవాడు. అడుగు మూసుకున్నాక నీళ్ళు తోడేవాళ్ళు, మేస్త్రీలు దిగి కట్టేవాళ్ళు. మొత్తం పనికి 25,800 బస్తాల కాంక్రీటు, 1,14,900 కాంక్రీటు దిమ్మలు, 9 లక్షల ఇటుకలు పట్టాయి. గోడల్లోపలి పగుళ్ళలోకి సిమెంటు పాలు యంత్రంతో ఎక్కించారు. నార్మన్ల సున్నం పక్కన ఇప్పుడు అదీ ఉంది.

1912 జులైలో, స్విథన్ పండగ రోజున, అయిదో జార్జి రాజు వచ్చి ప్రార్థనలో కూర్చున్నాడు. వాకర్ 1918లో ఇన్‌ఫ్లూయెంజా వచ్చి పోయాడు. 1964లో ఆయనకి చిన్న విగ్రహం పెట్టారు. తీరా చూస్తే ముఖం ఇంజనీరు ఫాక్స్‌ది. ఏదో ఫొటో తారుమారైంది. 2001లో మార్చి సరైన ముఖం పెట్టారు. ఈ విషయం తెలిసినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇంజనీర్లకి విగ్రహాలు అలాగే దొరుకుతాయి.

ఆ మరమ్మతులోనే జాక్సన్ ఇంకో పని చేశాడు. నడవకి దక్షిణం వైపు ఒకప్పుడు మఠం వరండాలు ఆనుకుని ఉండేవి. మఠం పోయాక పదహారో శతాబ్దంలో వాటినీ కూలగొట్టారు. ఆ వైపు గోడకి ఆసరా తగ్గింది. విన్‌ఫర్డ్ ఏ బట్రెస్‌లు పెద్దగా లేకుండానే నెట్టుకొచ్చాడో, వాటినే జాక్సన్ అక్కడ వరసగా కట్టించాడు. రాయి చెక్కిన తీరు గోథిక్‌దే, వంపూ గోథిక్‌దే. పచ్చిక మీద కూర్చుని వాటికి ఫొటోలు తీసుకునేవాళ్ళు మధ్యయుగానివే అనుకుంటారు. గోడ వాలుతున్నప్పుడు ఆసరా కట్టాల్సిందే. నేనైతే మరీ ఇంత పాతగా కనిపించేట్టు కట్టేవాణ్ణి కాదు.